కూల్చిందీ పోలీసులే... మళ్లీ కట్టిందీ పోలీసులే!

సొంత స్టేషన్‌ని పోలీసులే కూల్చేసి, దాదాపు అరవై ఏళ్ల తర్వాత మళ్లీ పోలీసులే వచ్చి అదే లోయలో కట్టారంటే నమ్ముతారా? కెనడాలో ఫోర్ట్ వాల్ష్ కథ అదే. 1875లో కట్టారు. 1883లో దుంగ దుంగా ఊడదీసి వెళ్లిపోయారు. 1942లో తిరిగొచ్చి మళ్లీ నిలబెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడది నేషనల్ హిస్టారిక్ సైట్. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లొచ్చు, తెల్ల సున్నం వేసిన దుంగల గోడల ముందు సెల్ఫీలు దిగొచ్చు. మేమూ దిగాం. కానీ ఎందుకు కూల్చారు, ఎందుకు మళ్లీ కట్టారు అన్నది తెలిశాక ఆ సెల్ఫీలు పోస్ట్ చేయబుద్ధి కాలేదు. ఫోన్‌లోనే ఉండిపోయాయి.

నేను చదివేది సస్కాచువాన్ రాష్ట్రంలోని రిజైనాలో. (స్పెల్లింగ్ చూసి మనవాళ్లంతా రెజీనా అంటారు. ఇక్కడ మాత్రం రిజైనా.) అక్కడి నుంచి ఒకటో నంబర్ హైవే పట్టుకుని పడమరకి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు వెళ్తే మేపుల్ క్రీక్ అనే చిన్న టౌన్. అక్కడి నుంచి ఇంకో యాభై అయిదు కిలోమీటర్లు. ఒక రూమ్మేట్‌ది నెల్లూరు, ఇంకొకడిది సిద్దిపేట. నెల్లూరోడు డ్రైవింగ్, సిద్దిపేటోడు పాటలు, నేను పులిహోర డబ్బా కాపలా. దారంతా బల్లపరుపు నేల. ఎటు చూసినా గోధుమ, పసుపు పచ్చని కనోలా, మసూర్. నాలుగు గంటలు అదే సీను. ఆ తర్వాత ఒక్కసారిగా దూరంగా నల్లగా కొండలు లేస్తాయి. అవే సైప్రస్ హిల్స్.

పేరు సైప్రస్ అయినా అక్కడ ఒక్క సైప్రస్ చెట్టు కూడా లేదు. ఉన్నవి లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు. ఫ్రెంచ్ మాట్లాడే మేటీ జనం పైన్ చెట్టుని తమ వాడుకలో 'సిప్రే' అనేవాళ్లు. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని సైప్రస్ చేసేశారు. మేటీలంటే యూరప్ నుంచి వచ్చిన బొచ్చు వ్యాపారులకీ ఇక్కడి ఆదివాసీ స్త్రీలకీ పుట్టిన సంతతి. తమకంటూ ఒక భాష, బతుకు ఏర్పరుచుకున్నవాళ్లు. పోలీసులు రాకముందే ఈ కొండల్లో వాళ్లు చలికాలం ఇళ్లు కట్టుకుని ఉండేవాళ్లు. క్రీ, నకోడా తెగలైతే అంతకుముందు ఎన్ని తరాల నుంచో. కట్టెలు, నీళ్లు, వేట, గాలి నుంచి చాటు... మైదానం మధ్యలో ఇవన్నీ దొరికే చోటు ఇదొక్కటే. అందుకే అందరూ ఇక్కడికే వచ్చేవాళ్లు. గొడవలూ ఇక్కడికే వచ్చాయి.

ఒక గుర్రం, ఒక ఊచకోత

అసలు ఈ అడవి మధ్యలో పోలీస్ స్టేషన్ ఎందుకు? 1870లో కెనడా ప్రభుత్వానికి ఒక్క దెబ్బతో పడమటి భూములన్నీ దక్కాయి. హడ్సన్స్ బే కంపెనీ అనే బొచ్చు వ్యాపార సంస్థ నుంచి కొనేసింది. మన ఈస్టిండియా కంపెనీ లాంటిదే అనుకోండి. భూమి మీద ఉన్నవాళ్లని ఎవరూ అడగలేదు. కాగితం మీద భూమి కెనడాది. కానీ నేల మీద కెనడా తరఫున ఒక్క మనిషీ లేడు. సరిహద్దు అవతల అమెరికాలోని ఫోర్ట్ బెంటన్ నుంచి వ్యాపారులు బండ్ల కొద్దీ విస్కీ తెచ్చి, బైసన్ తోళ్లకి బదులుగా అమ్ముకునేవాళ్లు.

1873 జూన్ 1న సైప్రస్ హిల్స్‌లో బ్యాటిల్ క్రీక్ అనే వాగు పక్కన నకోడా వాళ్ల గుడారాలు ఉన్నాయి. గుర్రాలు పోయాయని వెతుక్కుంటూ వచ్చిన తోడేళ్ల వేటగాళ్ల గుంపు ఒకటి అక్కడికి చేరింది. రెండు వైపులా తాగి ఉన్నారు. ఒక గుర్రం మీద తగాదా మొదలైంది. వేటగాళ్ల దగ్గర అప్పటికే కొత్త రకం రిపీటింగ్ తుపాకులు. ఎంతమంది చనిపోయారన్నదాని మీద లెక్కలు రకరకాలు. ఇరవై మందికి తక్కువ కాదని ఎక్కువ మంది చెబుతారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు కూడా అందులో ఉన్నారు. వేటగాళ్ల వైపు చనిపోయింది ఒక్కడు.

పశ్చిమానికి పోలీసు దళం ఏర్పాటు చేసే చట్టం ఆ ఏడాది మే 23నే పార్లమెంటులో పాసైంది. ఊచకోత వార్త ఢిల్లీ లాంటి వాళ్ల రాజధాని ఆటవాకి చేరేసరికి ఆ పని పరుగందుకుంది. 1874 జులైలో దాదాపు 275 మంది ఎర్ర కోట్లు వేసుకుని గుర్రాల మీద, ఎద్దుబండ్లతో పడమరకి బయల్దేరారు. మరుసటేడు జూన్‌లో ఇన్‌స్పెక్టర్ జేమ్స్ వాల్ష్ ఒక ట్రూపుతో ఈ లోయకి వచ్చి కోట కట్టాడు. తన పేరే పెట్టుకున్నాడు. ఆ ఊచకోత జరిగిన చోటు అక్కడికి నడిచి వెళ్లేంత దగ్గర.

మరి హంతకులకి శిక్ష పడిందా? లేదు. 1875లో అమెరికాలోని హెలెనాలో కొందరిని పట్టుకుని అప్పగించమని అడిగారు, కుదర్లేదు. 1876లో విన్నిపెగ్‌లో ముగ్గురి మీద కేసు నడిచింది. సాక్ష్యం చాలదని వదిలేశారు. అయినా తెల్లవాళ్లని, అదీ ఆదివాసీలని చంపినందుకు, పట్టి బోనెక్కించారన్న మాట ఆ మైదానాల్లో బాగా పాకింది. ఎర్ర కోటు అంటే కాస్త న్యాయం అన్న నమ్మకం మొదలైంది అక్కడే. ఈ ఒక్క విషయంలో వాళ్లకి దక్కాల్సిన మార్కులు ఇచ్చేయాలి.

రోజుకి డెబ్బై అయిదు సెంట్లు

విజిటర్ సెంటర్ గట్టు మీద ఉంటుంది, కోట కింద లోయలో. దిగుతుంటే బొమ్మరిల్లులా కనిపిస్తుంది. చుట్టూ నిలువు దుంగల ప్రహరీ, మధ్యలో మైదానం, జెండా కర్ర, ఓ ఫిరంగి, బారకులు, గుర్రపుశాల. ఎర్ర కోటు వేసుకున్న గైడ్ అమ్మాయి మమ్మల్ని వరసలో నిలబెట్టి కాసేపు డ్రిల్లు చేయించింది. ఎన్‌సీసీ చేసిన సిద్దిపేటోడు మాత్రమే సరిగ్గా చేశాడు. ఆ గర్వం వాడికి ఇంకా తగ్గలేదు.

ఇక్కడి పోలీసు మనం సినిమాల్లో చూసే పోలీసు కాదు. పట్టుకునేదీ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే, జైల్లో పెట్టేదీ వాళ్లే. ఆఫీసర్లకి మేజిస్ట్రేట్ అధికారాలు ఉండేవి. సుంకం వసూలు, ఉత్తరాలు చేరవేయడం కూడా వాళ్ల పనే. కింది స్థాయి కుర్రాళ్లకి మొదట్లో రోజుకి 75 సెంట్ల జీతం. మరి అంత తక్కువకి ఎవరొస్తారు? దానికో ఎర ఉంది. మూడేళ్లు బుద్ధిగా పనిచేస్తే 160 ఎకరాల భూమి. 1870ల చివరి వరకూ ఈ ఆఫర్ నడిచింది.

ఆ బోర్డు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. అంటే సెటిలర్లని కాపాడటానికి వచ్చినవాళ్లే మొదటి సెటిలర్లు అన్నమాట. డ్యూటీ దిగాక చాలామంది ఊరికి పోలేదు. ఇక్కడే భూమి తీసుకుని పశువుల రాంచ్‌లు పెట్టారు, షాపులు పెట్టారు. కోట పక్కన చిన్న ఊరే వెలిసింది. ఐ.జి. బేకర్, టి.సి. పవర్ అనే రెండు పెద్ద కంపెనీల దుకాణాలు అక్కడ ఉండేవి. ఈ రెండూ ఫోర్ట్ బెంటన్ కంపెనీలే. ఏ ఊరి నుంచి విస్కీ వస్తోందని పోలీసుల్ని పంపారో, ఆ ఊరి వ్యాపారులే పోలీసులకి బియ్యం, పిండి, బేకన్ సప్లై చేశారు. వ్యాపారం అంటే వ్యాపారమే!

సెటిలర్ల దాకా వస్తే, 1872 చట్టం ప్రకారం పది డాలర్ల ఫీజు కట్టి 160 ఎకరాలు రాయించుకోవచ్చు. మూడేళ్లు ఉండి, ఇల్లు కట్టి, కొంత దున్నితే పట్టా. ఉక్రెయిన్ నుంచి, జర్మనీ నుంచి, స్కాండినేవియా నుంచి తర్వాతి కాలంలో లక్షల మంది వచ్చారు. మట్టిగడ్డలతో ఇళ్లు కట్టుకుని, మైనస్ నలభై చలిలో పిల్లల్ని పెంచారు. వాళ్ల కష్టం చిన్నది కాదు. నేను రెండు చలికాలాలు హీటర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో గడిపి ఈ మాట అంటున్నా. మైదానాల్లో ప్రతి టౌన్‌లోనూ పయనీర్ల పేరు మీద ఒక మ్యూజియమో రాతి పలకో కనిపిస్తుంది. ఫోర్ట్ వాల్ష్ ఆ వరసలో మొదటి అధ్యాయం. పోలీసు ముందు వచ్చాడు కాబట్టి రక్తపాతం లేకుండా ఊళ్లు లేచాయి అన్నది ఈ దేశం తనకి తాను చెప్పుకునే కథ.

సిట్టింగ్ బుల్ చేయి ఎవరికిచ్చాడు?

ఈ కోటకి ప్రపంచ స్థాయి గుర్తింపు తెచ్చింది మాత్రం సిట్టింగ్ బుల్. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా సైనికాధికారి కస్టర్‌నీ అతని దళాన్నీ లకోటాలు, షయాన్‌లు తుడిచిపెట్టేశారు. తర్వాత అమెరికా సైన్యం వెంటపడింది. 1877లో సిట్టింగ్ బుల్ తన వాళ్లతో సరిహద్దు దాటి కెనడాలోకి వచ్చేశాడు. మొత్తం వచ్చిన లకోటాలు వేలల్లో ఉంటారు. వాల్ష్ వెంట ఉన్నది గుప్పెడు మంది. అయినా నేరుగా వాళ్ల గుడారాల్లోకి వెళ్లి, ఇక్కడ ఉండాలంటే ఇక్కడి చట్టం పాటించాలని చెప్పాడు. ఆశ్చర్యంగా ఇద్దరికీ కుదిరింది. స్నేహం కూడా అయింది.

1877 అక్టోబర్‌లో అమెరికా నుంచి జనరల్ టెర్రీ ఈ కోటకే వచ్చాడు, వెనక్కి రమ్మని అడగడానికి. సిట్టింగ్ బుల్ లోపలికి వచ్చి పోలీసు ఆఫీసర్లతో చేయి కలిపాడు. అమెరికా వాళ్ల వైపు చూడలేదు. పైగా ఆ సభలో ఒక మహిళ చేత మాట్లాడించాడు. జనరల్‌గారికి అంతకన్నా చిన్నతనం ఇంకోటి లేదని అప్పటి వాళ్లు రాశారు. టెర్రీ ఖాళీ చేతుల్తో వెళ్లిపోయాడు. ఆ గదిలో నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. మావాడైతే ఇంటర్వెల్ సీన్ అన్నాడు.

మరి క్లైమాక్స్? కెనడా సిట్టింగ్ బుల్‌ని తరమలేదు. తిండి పెట్టలేదు, అంతే. రేషన్ ఇవ్వం, భూమి ఇవ్వం అంది. బాగా దగ్గరయ్యాడని వాల్ష్‌ని 1880లో వేరే చోటికి బదిలీ చేసింది. ఆకలికి జనం ఒక్కొక్కరే వెనక్కి పోయారు. 1881 జులైలో సిట్టింగ్ బుల్ కూడా వెళ్లి అమెరికాలో లొంగిపోయాడు. ఒక్క తూటా పేలలేదు. ఆ పద్ధతి పనిచేస్తుందని ప్రభుత్వానికి తెలిసిపోయింది.

పిండి బస్తా కబుర్లు

కోటలో నన్ను ఎక్కువ ఆపింది ఫిరంగి కాదు, స్టోర్ రూమ్. బస్తాలు, పీపాలు, తూకం. బడి రోజుల్లో మా రేషన్ షాపు ఇలాగే ఉండేది, కిరోసిన్ వాసన ఒక్కటే తక్కువ.

1879కి కెనడా వైపు బైసన్ మందలు దాదాపు మాయమైపోయాయి. తోళ్ల కోసం వేట, సరిహద్దు వెంట మంటలు... కారణాలు చాలానే. మైదానం మనిషికి బైసన్ అంటే అన్నం, బట్ట, ఇల్లు, మూడూ. మన దగ్గర వరి, ఆవు, తాటిచెట్టు ఒకే ఏడాది మాయమైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరి మందలు తిరిగింది ఈ కొండల చుట్టూనే. దాంతో ఆకలిగా ఉన్న వేల మంది క్రీ, నకోడా జనం ఫోర్ట్ వాల్ష్ చుట్టూ చేరారు. పోలీసులు ఇచ్చే పిండి, మాంసమే ఆధారం. వాళ్లు అడుక్కుంటున్నట్టు కాదు. అప్పటికే రాణి పేరు మీద ఒప్పందాలు రాసుకున్నారు. 1876 నాటి ఆరో ఒప్పందంలో కరువొస్తే ప్రభుత్వం ఆదుకుంటుందని ప్రత్యేకంగా ఒక షరతే ఉంది. కొందరు అధినేతలు సైప్రస్ హిల్స్‌లోనే తమకి రిజర్వ్ కావాలని, అంటే తమ పేరున భూమి కేటాయించమని, అడిగారు. నకోడాలకి హద్దులు కొలవడం కూడా జరిగింది.

అప్పుడు రైలు దారి మారింది. పసిఫిక్ మహాసముద్రం దాకా వేసే రైల్వే లైన్ మొదట ఉత్తరంగా పోవాలి. 1881లో దక్షిణానికి మార్చారు. అంటే ఈ కొండలకి కాస్త పైనుంచే పోతుంది. రైలంటే సెటిలర్లు. రైలు దారి పక్కన, అమెరికా సరిహద్దుకి ఇంత దగ్గరలో, ఇన్ని వేల మంది ఆదివాసీలు ఒకే చోట ఉండటం ఆటవాకి నచ్చలేదు. ఖాళీ చేయించాలి. సైన్యం పంపలేదు. తూకం దగ్గర చేయి బిగించారు. ఉత్తరానికో తూర్పుకో మీకు చూపించిన రిజర్వ్‌కి పోతే అక్కడ రేషన్ ఇస్తాం, ఇక్కడుంటే లేదు.

ఇది ఎవరో చాటుగా చేసిన పని కాదు. ఆకలి చావు అంచుదాకా వచ్చేవరకు తిండి ఇవ్వకుండా ఆపి ఖర్చు తగ్గిస్తున్నామని ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ 1882లో పార్లమెంటులో నిలబడి చెప్పుకున్నాడు. ప్రతిపక్షం ఏమందో తెలుసా? ఇంకా ఎక్కువ ఖర్చు పెడుతున్నారు అని! అదే ఏడాది అక్టోబర్‌లో పోలీసు డాక్టర్ అగస్టస్ జ్యూక్స్ ఈ కోట నుంచి పైకి రిపోర్టు పంపాడు. రెండు వేల మంది దాకా క్రీ జనం చుట్టూ ఉన్నారని, కూడు లేక, ఒంటి మీద సరైన బట్టల్లేక, చిరిగిన గుడారాల్లో చలికి అల్లాడుతున్నారని. కోట లోపల గోదాములో పిండి ఉంది. ప్రహరీ అవతల ఆకలి ఉంది. మధ్యలో కాపలా కాస్తూ ఓ కుర్రాడు.

ఆరేళ్లుగా ఒప్పందం మీద సంతకం పెట్టనని మొండికేసిన క్రీ అధినేత బిగ్ బేర్, 1882 డిసెంబర్ 8న ఫోర్ట్ వాల్ష్‌లోనే సంతకం పెట్టాడు. జనానికి తిండి కోసం. కరువొస్తే ఆదుకుంటామన్న ఆ ఆరో ఒప్పందం మీదే.

మరుసటేడు మిగిలినవాళ్లని కదిలించేశారు. నకోడాలలో చాలామందిని తూర్పున ఇండియన్ హెడ్ వైపు పంపారు. కోట ఉంటే జనం మళ్లీ దాని చుట్టూ చేరతారు కదా. అందుకని 1883లో కోటనే తీసేశారు. హెడ్‌క్వార్టర్స్ అంతకుముందే రైలు దారి మీద కొత్తగా పుట్టిన ఊరికి మారిపోయింది. ఆ ఊరు నేను చదువుకుంటున్న రిజైనా.

ఇదంతా నాకు కోటలోని బోర్డుల మీద మాత్రమే తెలియలేదు. రిజైనా యూనివర్సిటీలో పనిచేసిన జేమ్స్ డాస్చుక్ అనే చరిత్రకారుడు 2013లో 'క్లియరింగ్ ద ప్లెయిన్స్' అని పుస్తకం రాశారు. ఆకలినీ రోగాన్నీ మైదానాలు ఖాళీ చేయడానికి ఎలా వాడారో పాత ఫైళ్లు తిరగేసి చూపించారు. మా లైబ్రరీలో ఉంది. ఓపిక ఉంటే చదవండి, గుండె రాయి చేసుకుని.

గుర్రాల కోసం తిరిగొచ్చారు

ఇక రెండోసారి కట్టిన కథ సరదాగా ఉంటుంది. ఈ చోటుని 1924లోనే జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. అప్పటికి కట్టడం ఏమీ లేదు, గడ్డి తప్ప. 1942లో రాయల్ కెనెడియన్ మౌంటెడ్ పోలీస్, అంటే ఆ పాత దళానికి వారసులు, ఈ లోయని తీసుకుని గుర్రాల ఫారం పెట్టారు. ఎర్ర కోట్లు వేసుకుని, సంగీతానికి తగ్గట్టు గుర్రాల్ని ఆడించే 'మ్యూజికల్ రైడ్' చూసే ఉంటారు యూట్యూబ్‌లో. ఆ నల్ల గుర్రాల్ని పెంచింది ఇక్కడే, 1968 దాకా. ఫారానికి ఎలాగూ కొట్టాలు, బారకులు కావాలి. అవేవో పాత కోటలాగా కడితే తమ పూర్వీకుల జ్ఞాపకం కూడా నిలుస్తుంది కదా అని కట్టారు.

కాబట్టి ఈరోజు మనం చూసేది అచ్చు 1875 నాటి కోట కాదు. పోలీసులు తమ గురించి తాము ఏం గుర్తుపెట్టుకోవాలనుకున్నారో దానికి కట్టిన బొమ్మ. తెల్లగా, శుభ్రంగా, జెండా రెపరెపలాడుతూ. పార్క్స్ కెనడా చేతికి వచ్చాక తవ్వకాలు జరిగాయి, కథ కూడా పెరిగింది. ఇప్పుడు ఊచకోత గురించి చెబుతారు, ఆకలి గురించీ చెబుతారు. కానీ కట్టడం మాత్రం ఇంకా 1940ల మాటే మాట్లాడుతుంది. గైడ్ గొంతు తగ్గించి చెప్పే విషయాన్ని గోడలు గట్టిగా కప్పేస్తాయి. నాకైతే అలాగే అనిపించింది.

సెటిలర్ అంటే ఎవరు బ్రో?

రాత్రి మేపుల్ క్రీక్ నుంచి అమ్మకి వీడియో కాల్ చేశా. "పోలీస్ స్టేషన్ చూడ్డానికి అయిదు గంటలు పోయారా? మన ఊళ్లో ఉంది కదరా, ఉచితంగా చూడొచ్చు" అంది. నవ్వుకున్నాం. తర్వాత సెటిలర్ల సంగతి చెప్తే కాస్త ఆగి, "మనల్నీ అలాగే అనేవాళ్లుగా" అంది.

మా తాతయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి ఖమ్మం జిల్లా ఏజెన్సీ అంచున పొగాకు వేశాడు. ఊళ్లో మమ్మల్ని ఇప్పటికీ సెటిలర్లనే అంటారు. తెలంగాణలో పెరిగినవాళ్లకి ఆ మాట బరువు చెప్పక్కర్లేదు. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదని 1970లో గట్టి చట్టం వచ్చింది. ఊళ్లో అందరూ 'వన్ సెవెంటీ' అంటారు. మా ఇంట్లో ఆ మాట వినపడితే పెద్దవాళ్లు టీవీ సౌండు పెంచేవాళ్లు. పొరుగు కోయ కుటుంబంలో ఆ మాట ఎలా పలికేవాళ్లో నాకు బళ్లో నా పక్క బెంచీ కుర్రాడి వల్లే తెలిసింది.

ఇంకోటి కూడా ఉంది. మనకి అడవిలో పోలీస్ స్టేషన్ అంటే గుర్తొచ్చేది అల్లూరి. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లాడు. మనకి ఆ స్టేషన్లు గుర్తుండిపోయింది వాటి మీద దాడి జరిగినందుకు. ఇక్కడ స్టేషన్ గుర్తుండిపోయింది అది కాపలా కాసినందుకు. మన్యంలో పోడు మీద, అడవి మీద ఆంక్షలు పెట్టిన మద్రాసు అటవీ చట్టం ఏ ఏడాదిదో చూడండి. 1882. ఇక్కడ ఫోర్ట్ వాల్ష్‌లో రేషన్ బిగించిన ఏడాదే. రెండు చోట్లా పైనున్నది ఒకే రాణి.

నెల్లూరోడు మాత్రం ఒప్పుకోలేదు. "నూటనలభై ఏళ్ల కిందటి గొడవకి మనకేంట్రా సంబంధం? మనం ఫీజు కట్టి, వీసా తీసుకుని వచ్చాం" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. మనం ఎవరి రేషనూ ఆపలేదు. కానీ ఆ రాత్రి మోటెల్‌లో వాడు వండింది పప్పు. ఎలక్ట్రిక్ కుక్కర్లో మసూర్, అదే, మన మైసూరు పప్పు. ప్రపంచంలో ఈ పప్పు ఎక్కువగా ఎగుమతి చేసే దేశం కెనడా. కెనడాలో దాదాపు అంతా పండేది సస్కాచువాన్‌లోనే, మేం పొద్దున దాటి వచ్చిన ఆ చేలల్లోనే. ఇండియాకీ వెళ్తుంది. మీ ఇంట్లో పోయిన వారం వండిన పప్పు ఈ నేలదే అయ్యుండొచ్చు.

మా బావ ఈ మధ్యే కెనడా పౌరసత్వం తీసుకున్నాడు. పరీక్షకి చదివే పుస్తకంలో ఈ పోలీసు దళం గురించి ఉంటుంది, పశ్చిమాన్ని శాంతింపజేసిందని. ప్రమాణంలో మాత్రం 2021 జూన్ నుంచి కొత్త మాట చేరింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ జనాల హక్కుల్నీ, వాళ్లతో చేసుకున్న ఒప్పందాల హక్కుల్నీ రాజ్యాంగం గుర్తించి నిలబెడుతోందని కొత్త పౌరుడు నోటితో అనాలి. ఆ రోజు జూమ్‌లో బావ చేయి పైకెత్తి గబగబా చదివేశాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ ఒప్పందాల్లో ఒకదాని మీద బిగ్ బేర్ ఎక్కడ సంతకం పెట్టాడో, ఎలాంటి రోజు పెట్టాడో ఈసారి ఇంటికి వచ్చినప్పుడు బావకి చెప్పాలి.

కొండలు ఖాళీ చేయమన్నప్పుడు అందరూ వెళ్లలేదు. నెకనీట్ అనే క్రీ అధినేత తన వాళ్లతో కదలనని ఇక్కడే ఉండిపోయాడు. రేషన్ లేదు, ఒప్పందం డబ్బులు లేవు, భూమి లేదు. వేట, కట్టెలు, రాంచ్‌లలో కూలి. అలా ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాక 1913లో చిన్న రిజర్వ్ ఇచ్చారు. ఒప్పందం ప్రకారం రావాల్సిన సొమ్ము మొదలైంది 1975లో. ఏడాదికి ఒక్కొక్కరికి అయిదు డాలర్లు. నెకనీట్ ఫస్ట్ నేషన్ ఈరోజుకీ మేపుల్ క్రీక్‌కి దక్షిణాన ఉంది. వాళ్ల నేల మీద 1995లో ఆదివాసీ మహిళా ఖైదీల కోసం ఒకిమా ఓచి అనే కేంద్రం తెరిచారు. జైలే, కానీ పెద్దల సంప్రదాయాలు, ప్రార్థనలు, పిల్లలతో ఉండే వీలు కల్పించాలని కట్టిన జైలు.

మేం తిరిగొస్తూ హైవే ఎక్కే ముందు మేపుల్ క్రీక్ పెట్రోల్ బంక్ దగ్గర ఆగాం. కౌంటర్లో ఉన్న పెద్దాయన ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అన్నాడు సిద్దిపేటోడు. "నేను ఇక్కడి నుంచే" అన్నాడాయన. ఎప్పటి నుంచి అని అడిగితే నవ్వి, మా పులిహోర డబ్బా వైపు చూసి అదేంటని అడిగాడు. కొంచెం పెట్టాం. కారంగా ఉందన్నాడు, మళ్లీ తీసుకున్నాడు.